నల్లవెదురుకు చలికాలం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న క్లాంగ్‌లో మా ఇంటి ఫోను మోగింది. సుంగై సుమున్ నుంచి మా బావమరిది. "బావా, అమ్మ పోయినాది. టీ తాగినాది, గ్లాసు కిందెట్టినాది, గోడకి జారబడినాది. అంతే బావా. అక్కకి మెల్లగా సెప్పు లా" అన్నాడు, ఇక్కడి మలాయి 'లా' తగిలించి. మెల్లగా చెప్పే అవసరం రాలేదు. నా మొహం చూసి మా ఆవిడ అక్కడే కూలబడిపోయింది.

పోయినావిడ మా అత్తగారు. ఎనభై దాటాయి, మునిమనవల్ని ఎత్తుకుంది, మంచాన పడి ఎవరిచేతా చేయించుకోలేదు. అందరూ అదృష్టవంతురాలు అంటున్నారు. కాదనను. అత్తగారి మీద అల్లుడు వ్యాసం రాయడం ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకేం బాధలేదు. నేను ముప్పై ఏళ్ళు కొబ్బరి ఎస్టేట్ ఆఫీసులో కెరాణీగా, అంటే మీ భాషలో గుమాస్తాగా, జాబితాలు రాసినవాణ్ణి. పొగడ్తలు నా చేతికి రావు. చూసింది చూసినట్టు రాయగలను. ఆ చూసినదాంట్లో నేను చేసిన పాడుపని కూడా ఒకటుంది. అది ఇన్నాళ్ళూ మా ఎస్టేట్ దాటి బయటికి రాలేదు.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉండేది. అత్తగారు అల్లుడికి ఎదురుపడకూడదు, అతని మొహం చూసి మాట్లాడకూడదు. తాతలు విశాఖపట్నం జిల్లా నుంచి మలయాకి ఓడెక్కి వచ్చినప్పుడు గిన్నెలతోపాటు దీన్ని కూడా మూటగట్టుకొచ్చారు. నాతో ఏదైనా చెప్పాలంటే ఆవిడ తలుపు చాటున నిలబడి, దొడ్లో ఉన్న వెదుర్లకు చెప్పేది. "అమ్మా పచ్చగెడా, బాబుగోరు రేత్రి కూర ఒగ్గీసినారు. ఉప్పెక్కువైనాదేటో కనుక్కో" అనేది. నేనూ వెదుర్లవైపు తిరిగి, "ఉప్పు సరిపోయింది, కడుపే నిండిపోయింది" అనేవాణ్ణి. పెళ్ళయ్యాక మేం వాళ్ళింట్లోనే ఉన్నాం. మొదటి మూడేళ్ళూ మా ఇద్దరికీ తపాలా ఆ వెదుర్లే. మొదట్లో శ్రద్ధగా వినేవాణ్ణి. తర్వాత్తర్వాత, చెట్లతో మాట్లాడుకునే మనిషి గొంతు వినిపిస్తుందే తప్ప ఏమంటుందో పట్టించుకోవడం మానేశాను.

ఆవిడ పుట్టింటివాళ్ళు తరతరాలుగా బుట్టలల్లినవాళ్ళు. ఎస్టేట్లో పగలంతా కొబ్బరికాయలు ఒలిచి, సాయంత్రం బుట్టలల్లేది. ఇంటి వెనక ఉన్న చారెడు నేలలో మాత్రం బుట్టలకు పనికిరాని వెదుర్లన్నీ పెంచేది. పసుపుపచ్చని గెడ మీద ఎవరో కుంచెతో గీసినట్టు ఆకుపచ్చ గీతలున్నది ఒకటి. కణుపు కణుపుకీ బొజ్జ ఉబ్బి వినాయకుడిలా కూర్చున్నది ఒకటి. చుట్టాలు వస్తూ వస్తూ ఆవిడకి చీరలు తెచ్చేవాళ్ళు కారు, ఎక్కడో చూసిన వింత వెదురు దుంపముక్క తడిగోనెలో చుట్టి తెచ్చేవాళ్ళు. తాంబూలం డబ్బాలో సున్నం వేలికి తీసి ప్రతి గెడకీ ఏడాదికొక చుక్క పెట్టేది. మూడు చుక్కలు పడనిదే కత్తి తాకనిచ్చేది కాదు. అదీ కృష్ణపక్షంలోనే. గెడని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, "ఇది ఇంకా పచ్చిపిల్ల" అని పక్కకి జరిగిపోయేది. నేను తట్టి చూస్తే అన్నీ ఒకేలా మోగేవి.

ఎస్టేట్ అంచున కాలవగట్టు మీద కూరగాయలు పండించే ఒక చీనా ముసలమ్మ ఉండేది. ఊరంతా చీనా అవ్వ అనేది. ఆవిడ గుడిసె ముందు నడుమెత్తు జాడీలో మూడు వెదురు గెడలుండేవి. పెన్సిలంత లావు, మనిషి ఛాతీ వరకు ఎత్తు. రంగు మాత్రం నలుపు. పొగచూరిన నలుపు కాదు, నూనె రాసి దువ్విన జుట్టులా నిగనిగలాడే నలుపు. పెళ్ళయి వచ్చేటప్పుడు పుట్టినూరి కొండల్లోంచి దుంప తెచ్చుకుందట. అక్కడ వేసవిలో నేల నెర్రెలిస్తుంది, చలికాలంలో తొట్టిలో నీళ్ళు గడ్డకడతాయి అని చేతులతో చూపించేది. చలికి పడుకుని, చలి పోయాక లేచి, అప్పుడు నేలలోంచి కొత్త కొమ్ములు తీసే జాతి అది. మా దగ్గర ఏడాది పొడుగునా ఒకటే ఉక్క. ఎప్పుడు పడుకోవాలో ఎప్పుడు లేవాలో తెలియక, అది చావదు, పెరగదు. "తాదా సెజుక్, తాదా అనక్" అనేది అవ్వ బజారు మలాయిలో. చలి లేదు, అందుకే పిల్లలు లేరు అని. మా అత్తగారు ఆ జాడీ ముందు గంటలకొద్దీ కూర్చునేది.

అది మలయాలో ఎమర్జెన్సీ కాలం. అడవుల్లో ఉన్న కమ్యూనిస్టు గెరిల్లాలకీ సర్కారుకీ పోరు నడుస్తోంది. అడవిలోని వాళ్ళకి తిండి అందకూడదని, విడిగా ఉండే చీనా వాళ్ళనందరినీ లారీలెక్కించి, ముళ్ళకంచె వేసిన కొత్త ఊళ్ళకి తరలించారు. చీనా అవ్వ వంతు కూడా వచ్చింది. లారీలో ఆవిడకిచ్చిన చోటు మంచానికీ వంటసామానుకే చాల్లేదు. జాడీ మీద చెయ్యి వేసి మా అత్తగారి వైపు చూసింది. "కంచె తీసేశాక వస్తాను. అప్పటికి ఇది ఉంటుందా?" అని అడిగింది. మా అత్తగారు ఆవిడ అరచేతిలో అరచెయ్యి వేసి, "ఉంటాది" అని తెలుగులోనే చెప్పేసింది. లారీ కదిలాక గెడలకి తలగుడ్డ చుట్టి, జాడీని అడుగంచు మీద నెమ్మదిగా తిప్పుకుంటూ ఇంటికి తెచ్చింది.

కొన్నాళ్ళకి మాకూ కంచె వచ్చింది. చెదురుగా ఉన్న కూలీ లైన్లన్నీ, అంటే కూలీల ఇళ్ళ వరసలన్నీ, ఒకచోటికి చేర్చి, చుట్టూ ముళ్ళతీగ లాగి, గేటు పెట్టి, స్పెషల్ కానిస్టేబుళ్ళని నిలబెట్టారు. బియ్యం కొలిచి ఇచ్చేవారు, గేటు దాటే ప్రతి మూటనీ విప్పించేవారు. కంచె లోపలే మిగతా వెదుర్లని కూడా తెచ్చి తన కొత్త వంటింటి వెనక పాతుకుంది మా అత్తగారు. అక్కడ ఆవిడకొక ఆలోచన వచ్చింది.

హుటాన్ మెలింటాంగ్ రేవు నుంచి సైకిల్ మీద ఒకాయన చేపలు తెచ్చేవాడు. చేపల మీద ఐసు, ఐసు కరగకుండా ఊక. అమ్మకం అయ్యాక మిగిలిన ఐసు కాలవలో పారేసి పోయేవాడు. ఆవిడ ఆయనకి చేపల గంపలు అల్లి ఇస్తానంది, మిగిలిన ఐసు తనకివ్వమంది. పుష్యమాసం మొదట్లో మొదలుపెట్టింది. ఐసుని రోకలితో చితక్కొట్టి, జాడీలో మట్టి మీద పరిచి, పైన ఊక పోసి, తడిగోనె కప్పేది. ఇలా నలభై ఒక్క రోజు, మండలం దీక్ష పట్టినట్టు. ఆవిడ పుట్టింది మలయాలో. చలికాలం అంటే ఏమిటో ఒంటికి తెలియదు. వాళ్ళమ్మ చెప్పగా విన్నది, చీనా అవ్వ చేతులతో చూపించింది, అంతే ఆవిడ ఎరిగిన చలి. దాన్ని చెవులతో విని చేతులతో తయారుచేసింది. అదెంత పనో నాకిప్పుడు తెలుస్తోంది.

అప్పుడు మాత్రం నవ్వాను. ఎస్టేటంతా నవ్వింది. ఒకరోజు గేటు దగ్గర మలాయి కానిస్టేబులు చేపలాయన గంపలో ఊక చూసి, ఊకున్నచోట దొంగబియ్యం ఉంటాయని మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. చల్లగా తగిలేసరికి పాము అనుకుని కెవ్వుమన్నాడు. ఐసు ఎందుకని అడిగితే నేనే చెప్పాల్సి వచ్చింది. "మా అత్తగారు వెదురుకి చలికాలం తెస్తున్నారు" అన్నాను. అతను నన్నొకసారి, ఐసునొకసారి చూసి గేటు తీశాడు. లైన్లలో ఆడవాళ్ళు, "ఏటొదినా, నీ ఎదురికి రొంప పట్టినాదా?" అని పలకరించేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

మండలం అయ్యింది. ఏమీ రాలేదు. ఇంకో పదిహేను రోజులు గడిచాయి. ఒకరోజు మా ఆవిడ ఆఫీసుకే పరిగెత్తుకొచ్చి, "ఏటండి, తొరగా రండి, అమ్మ మిమ్మల్ని సూడమంటంది... అదే, ఎదురుతో సెప్తంది" అంది. వెళ్ళి చూశాను. జాడీ నిలువునా పగిలి ఉంది. లోపలి దుంప తన్నిన తన్నుకి పగిలింది. ఆ పగులులోంచి ఒక కొమ్ము, పైన ఇంకో నాలుగు, గోధుమరంగు డొప్పలు చుట్టుకుని, నా బొటనవేలంత లావున నిలబడి ఉన్నాయి. చీనా అవ్వ దగ్గర ఏళ్ళ తరబడి ఒక్క పిల్లనివ్వని మొక్క! పక్కన పుల్ల పాతి గీత పెట్టి వెళ్ళాను. మర్నాడు పొద్దున్నకి కొమ్ము గీతకి జానెడు పైకి పోయింది. నాకు దణ్ణం పెట్టాలనిపించింది. గుళ్ళో కూడా నాకు అలా అనిపించలేదు. ఆవిడ పగిలిన జాడీని తీసేసి దుంపని నేలలో పెట్టింది. మూడు నాలుగు నెలల్లో ఆ ఐదూ మనిషెత్తు దాటాయి. డొప్పలు రాలిపోయాయి. గెడలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఉత్తర్వు వచ్చింది. కంచె పక్కన మనిషి దాగేంత పొద ఏదీ ఉండకూడదు, అన్నీ నరికెయ్యాలి. జాబితా రాయాల్సింది నేను. మా అత్తగారి దొడ్డి మొత్తం ఆ మేర లోపలే ఉంది. తెల్లదొర దగ్గరకెళ్ళి, చేతులు కట్టుకుని, నా ఉద్యోగంలో మొదటిసారి ఒక కోరిక కోరాను. ఒక నల్లవెదురు ఉందని, అపురూపమైనదని, సన్నదని, దాని చాటున పిల్లి కూడా దాగలేదని చెప్పాను. దొర కాసేపు పైపు పీల్చి, "నల్లది ఉంచు. పచ్చవన్నీ కొట్టించు" అన్నాడు. ఆ మాట కాగితం మీద రాయించుకుని, గెలిచినవాడిలా ఇంటికొచ్చాను.

కూలీల మేస్త్రీ కంగాణీ నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. గీతల వెదురు పోయింది. బొజ్జ వెదురు పోయింది. నల్లవెదురు దగ్గరికి వచ్చి కత్తివాడు ఆగాడు. పాత మూడు గెడలు నల్లగా, కొత్త ఐదు పచ్చగా ఒకే పాదులో ఉన్నాయి. "కెరాణీగోరూ, ఇయ్యి కూడానా?" అన్నాడు కంగాణీ. వెనక తలుపు చాటు నుంచి మా అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది. వెదుర్లతో ఏదో చెప్తోంది. పోయిన చెట్ల కోసం ఏడుస్తోంది కాబోలు, నేను మిగిల్చినదాన్ని చూస్తే ఊరట పడుతుందిలే అనుకున్నాను. కాగితం చూసుకున్నాను. "పచ్చగా ఉన్నాయా లేదా? పచ్చవన్నీ అని రాసుంది" అన్నాను, కుడిచేత్తో ఆ ఐదూ చూపించి. ఐదు దెబ్బలు. ఐదో దెబ్బతో లోపల గొంతు ఆగిపోయింది.

మా ఆవిడ పని నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. నరికిన గెడల్లో ఒకదాన్ని నీళ్ళతో కడిగి నా ముందు పెట్టింది. మొదలు దగ్గర, కణుపు కింద, పోపులో ఆవాల్లా సన్నని నల్లచుక్కలు. "నల్లెదురు పుట్టడమే పచ్చగా పుడతాదండి. యేడాది ఎండ తగిల్తే నల్లబడతాది. ఇయ్యి నల్లబడతన్నాయి" అంది. అప్పుడు తలుపు చాటున మా అత్తగారు ఏమంటూ ఉందో కూడా చెప్పింది. పక్కింటివాళ్ళు విన్నారు. "నల్లదాని పిల్లలే కదమ్మా మీరు, మీ రంగు రేపొస్తాది కదమ్మా, సెప్పండి బాబుగోరికి, సెప్పరేం" అని, అదే మాట మళ్ళీ మళ్ళీ. నలుగురి ముందు అల్లుడి ఎదుటపడి, నువ్వు చేసేది తప్పు అనడం ఆవిడకి చేతకాలేదు. ఎన్నాళ్ళుగానో వెదుర్ల ద్వారా నాతో మాట్లాడిన మనిషి, ఆ వేళ కూడా వెదుర్లనే నమ్ముకుంది. నేను వినలేదు.

ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. పొద్దున్న ఆఫీసుకి దొంగలా పెరటి దారిన పోతుంటే, "బాబూ" అని పిలుపు వినిపించింది. వెనక్కి తిరిగాను. మా అత్తగారు తలమీద కొంగు కూడా లేకుండా నా ఎదురుగా నిలబడి ఉంది. ఆవిడ మొహం పగటివెలుతురులో పూర్తిగా చూడడం నాకదే మొదలు. కళ్ళు వాచి ఉన్నాయి.

"బాబూ, ఏడవకండి. అయిపోనాది. పైన పిల్లలు పోనాయని కిందన ఏటీ నేదనుకోకండి. మళ్ళీ పుష్యానికి ఐసెట్టాల. సేపలాయన్ని ఇప్పుడు గేటులోకి రానియ్యటం నేదు. మీకు పాసుంది. మీరు తెస్తారా?"

తెస్తానన్నాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆచారం లేదు. ఉంటే ఇంకే చెట్టుకి చేటు వచ్చేదో అని ఆవిడకి భయం వేసిందేమో. చాటు పోయాక తెలిసింది, ఆవిడ ఎంత మాటకారో, ఎంతగా ఆటపట్టించగలదో. "మా బాబుగోరు కాయితంలో రాసుంటే ఇంట్లో నన్ను కూడా నరికించీగలరు" అనేది పదిమందిలో. నవ్వేవాళ్ళు నవ్వేవారు. నా మొహం మాడిపోయేది. అనాల్సిందంతా అలా అనేసి కడుపులో ఏమీ దాచుకునేది కాదు.

ఆ ఏడు నేను సైకిల్ వెనక గంప కట్టుకుని హుటాన్ మెలింటాంగ్ నుంచి ఐసు మోశాను. ఏమీ రాలేదు. పైగా పాత మూడు గెడలూ ఒక్కొక్కటే ఎండిపోయాయి. మరుసటి పుష్యానికి అక్కడ ఉన్నది ఉత్త మట్టి. ఉత్త మట్టికి ఐసు పెట్టడానికి నాకు సిగ్గేసింది. "అత్తా, ఇంక ఎవరి కోసం?" అని అడిగాను. "సేతిలో సెయ్యేసినాను" అంది. అంతే. మళ్ళీ నలభై ఒక్క రోజు. కరిగిన నీళ్ళు కారే గంప, తడిసిపోయిన వీపు, గేటు దగ్గర కానిస్టేబుళ్ళ వెక్కిరింత. ఆవిడ మాత్రం ఆ వట్టి నేలని ప్రతి పొద్దున్నా గోనె తీసి చూసి, చేత్తో తడిమి, మళ్ళీ కప్పేది. ఇన్నేళ్ళలో నేను చూసిన నమ్మకాలన్నింటిలోకి పెద్దది అదే. దేవుణ్ణి నమ్మడం తేలిక, ఆయన కనబడక్కర్లేదు.

మాఘం చివర్లో మట్టి పగిలింది. సూదిలాంటి ఒక కొమ్ము. ఆవిడ పిలిచింది, నేను మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. మరుసటేడు మూడు వచ్చాయి, ఆపై ఏడాది ఏడు. సున్నం చుక్కలు పెట్టే పని నాకిచ్చింది. పచ్చగెడ మొదట చుక్కలు తేలి, చుక్కలు మచ్చలై, మచ్చలు కలిసి, రెండో వానాకాలానికి నిలువునా నలుపు తిరగడం ప్రతిరోజూ చూశాను.

మెర్డెకా వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం. ఎస్టేట్ మైదానంలో జెండా ఎగరేశారు, పిల్లలకి మిఠాయిలు పంచారు. కంగాణీ ఇళ్ళమ్మట తిరుగుతూ, జెండాకి నల్లగెడ ఒకటివ్వమని మా అత్తగారిని అడిగాడు. "కొబ్బరాకు ఈనెలు కట్టుకోండి, నాది ముట్టుకోనియ్యను" అంది. దేశం కన్నా నీకు వెదురు ఎక్కువైందా అని అతను కోప్పడి వెళ్ళిపోయాడు. మా చుట్టూ ఉన్న ముళ్ళకంచెని కూడా ఆ రోజుల్లోనే చుట్టలు చుట్టి లారీలో పట్టుకుపోయారు.

తర్వాత కొన్ని వారాలకి చీనా అవ్వ బస్సు దిగి వచ్చింది. బాగా వంగిపోయింది, చేతిలో కర్ర. ఎవర్నీ దారి అడక్కుండా నేరుగా వంటింటి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఇంటి కప్పుకి పైన, బొటనవేలంత లావు నల్లగెడలు పదీ పన్నెండు, గాలికి ఒకదానికొకటి తగులుతూ ఉన్నాయి. అవ్వ కర్ర వదిలేసింది. ఒక్కో గెడనీ పట్టుకుని కింది నుంచి చెయ్యి అందినంత మేరా తడుముతూ పోయింది. తన ఊళ్ళో తప్ప ఇంత లావు చూడలేదంది. ఏడుస్తూ నవ్వుతూ మా అత్తగారి వైపు తిరిగి, "ఇక్కడ నీకు చలి ఎక్కడ దొరికింది?" అని అడిగింది.

నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు చెప్తుంది, మొదటి కాన్పు ఎలా వచ్చిందో, దాన్ని ఎవరు కొట్టించారో చెప్పేస్తుంది అనుకున్నాను. పదిమందిలో నన్ను ఏడిపించే మనిషి కదా. తల వంచుకున్నాను.

మా అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసింది. "ఈ బాబు తెచ్చినాడవ్వా. సైకిలెనకాల కట్టి యేటేటా తెచ్చినాడు. ఈ బాబు నేకపోతే ఇది నేదు" అని మలాయిలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. నోరు తెరిచి నిజం చెప్పబోయాను. భుజం మీద చెయ్యి గట్టిగా నొక్కింది. తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది. నన్ను పదిమందిలో ఎంత ఆటపట్టించినా, చీనా అవ్వకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

చీనా అవ్వ నా దగ్గరికొచ్చింది. కొట్టండి అని చూపించిన ఈ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళకద్దుకుని, అన్నింటిలోకీ పెద్ద గెడ దగ్గరికి నడిపించి, దానికి ఆనించి పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. గెడ చల్లగా ఉంది.